రెండో బెల్టు

పోయిన వారం అనసూర్యను యిర్మియా ఇంటి గేటు దగ్గర, మధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఆమెనింకా అక్కడే ఉంచడం న్యాయం కాదు. పెనిమిటి పోయి పదహారు రోజులైన మనిషి. దినాలు అయ్యాక ఆమె ఇల్లు దాటడం ఇదే మొదటిసారి. దాటిన అడుగు నేరుగా వచ్చి ఈ గేటు ముందే ఆగింది.

మరిచిపోయినవారికీ, ఈ వారమే పత్రిక చేతికొచ్చినవారికీ రెండు ముక్కలు. యిర్మియా గోదావరిఖనిలో కిరాయి కారు నడుపుతాడు. అనసూర్య పెనిమిటి ఆగయ్య గనిలో సర్దారు, పనివాళ్ల మీద పెద్ద. బెల్లంపల్లిలో పక్కపక్క ఇళ్లలో బతికి, ఇక్కడ గనులు తెరిచినప్పుడు ఒకే లారీలో రెండిళ్ల సామానూ వేసుకొని వచ్చినవాళ్లు. ఒకరిది చర్చి, ఒకరిది గుడి. మిగతాదంతా ఉమ్మడే. ఆగయ్య కొడుకు సదయ్యకు పిల్లను చూడటానికి ఇద్దరూ తెల్లవారుజామున పెద్దపల్లి వైపు బయల్దేరారు. మంచు దట్టంగా ఉంది. బసంత్‌నగర్ దాటాక, దీపం లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న లారీకి కారు గుద్దుకుంది. ఆగయ్య అక్కడికక్కడే పోయాడు. యిర్మియా బతికాడు.

యిర్మియా ఎందుకు బతికాడో ఖని అంతటికీ తెలుసు. అతను సీటు బెల్టు కట్టుకొని ఉన్నాడు. ఆగయ్య కూర్చున్న వైపు బెల్టు లేదు. నాలుగు రోజుల ముందు వరకూ ఉండేది.

"గేటు తియ్యవా సుగుణా?" అంది అనసూర్య.

సుగుణమణి గేటు తీసింది. ఆమె యిర్మియా భార్య. అంతవరకూ ఆమె కడుగుతున్న చెంబు పొద్దుటి నుంచి మూడుసార్లు కడిగిందే. ఈ పదహారు రోజులూ ఆమె అలాగే ఉంది. వాకిలి ఊడుస్తుంది, ఊడ్చిన సంగతి మరిచి మళ్లీ ఊడుస్తుంది. అన్నం వండుతుంది, తినడం మరిచిపోతుంది. ఆగయ్యను కాటికి తీసుకుపోతుంటే ఆడవాళ్లంతా గుండెలు బాదుకున్నారు గానీ ఆమె కంట్లోంచి చుక్క రాలేదు. రాతిగుండె మనిషని పక్కింటి పోశవ్వ ఎవరితోనో అంటుంటే తన చెవులారా వింది. విని, అవును కాబోలు అనుకుంది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

"రా అక్కా," అంది.

లోపల మంచం మీద యిర్మియా వెన్ను గోడకు ఆనించి కూర్చుని ఉన్నాడు. కుడి భుజానికి కట్టు. మెడ కింది ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు చిట్లాయి. అనసూర్యను చూసి లేవబోయాడు.

"లెవ్వకు. బొక్కలు కూడుకోనీ," అంది ఆమె. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. గడప పక్కన నేల మీదే, గోడకు చేరబడి కూర్చుంది. సుగుణమణి నీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. అనసూర్య దాన్ని ముట్టుకోలేదు.

"నీళ్లు తర్వాత. ముంగట మాట," అంది. "యిర్మియా, నేను కొట్లాడనీకి రాలే. ఏడ్వనీకి గుడ రాలే, ఆ ఏడ్చుడు అయిపోయింది. ఒక్కటడుగుత. నిజం చెప్తే నీ ఇంటి నీళ్లు తాగి పోత."

"అడుగు వదినె."

"ముందుగాల అంగీ ఇప్పు."

యిర్మియా అర్థం కానట్టు చూశాడు.

"ఇప్పు. నీ పెద్దక్క అసొంటిదాన్ని, సిగ్గేంది? ఊరంత చూసొచ్చి నాకు చెప్పవట్టె. నేను చూడద్దా?"

అతను ఎడమ చేత్తో ఒక్కొక్క గుండీ తీయసాగాడు. సుగుణమణి సాయం వెళ్లలేదు. వెళ్లాలని తోచలేదు. అంగీ తెరుచుకున్నాక, కట్టు కింది నుంచి ఎడమ నడుము దాకా, ఒంటి మీద అడ్డంగా ఒక బారు మచ్చ కనిపించింది. బెత్తెడు వెడల్పు కూడా లేదు. మొదట్లో నల్లగా ఉండేది, ఇప్పుడు అంచుల దగ్గర పసుపు పచ్చకు తిరుగుతోంది. మనిషిని చావు చేతికి వదలకుండా వెనక్కి గుంజిన పట్టీ, పోతూ పోతూ పెట్టిన గుర్తు అది.

అనసూర్య చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. సంతలో సరుకు చూసినట్టు చూసింది.

"గింతే ఉన్నదా," అంది చివరికి. "గింత పట్టీ. గింత పట్టీ మా ఇంటాయనకు కరువాయెనా?"

ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. అసలా కారుకు బెల్టులు ఎక్కడివని, ఈ ప్రాంతంలో కారెక్కిన ఎవరైనా అడుగుతారు. మన దేశంలో కారు కొంటే నాలుగు చక్రాలిస్తారు, హారనిస్తారు, బెల్టివ్వరు. ఆ కారు నాలుగేళ్ల కింద బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంగ్లండు దొరది. యిర్మియా ఆ దొర దగ్గర డ్రైవరు. దొర ఒకనాడు వాళ్ల దేశం నుంచి ఓడలో ఒక పెట్టె తెప్పించుకున్నాడు. అందులో రెండు బెల్టులున్నాయి. మిస్త్రీని పిలిచి, నిక్షేపంలాంటి అంబాసిడరుకు అడుగున తూట్లు, పక్కన తూట్లు పొడిపించి బోల్టులు బిగించాడు. దొరకు మతి చలించిందని కూలీలంతా చుట్టూ మూగి చూశారు.

దొర యిర్మియాకు విడమరిచి చెప్పాడు. వాళ్ల దేశంలో కొత్త కార్లకే కాదు, మూడు నాలుగేళ్ల పాత కార్లకు కూడా ముందు సీట్లకు బెల్టులు పెట్టి తీరాలని చట్టం చేశారట. మరి కట్టుకోవాలని కూడా చట్టం ఉందా దొరా అని యిర్మియా అడిగితే, లేదు, అది ఎవరిష్టం వాళ్లదన్నాడట. పెట్టడం చట్టం, కట్టుకోవడం ఇష్టం. ఈ ముక్క యిర్మియా ఎక్కడ చెప్పినా జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. దొర మాత్రం బెల్టు పెట్టుకోనిదే బండి కదలనిచ్చేవాడు కాదు. మూడేళ్లు అలా నడిచేసరికి యిర్మియా చేతికి అదే అలవాటైంది. దొర వెళ్లిపోతూ కారును అతనికే అమ్మిపోయాడు. తాళం తిప్పకముందే చెయ్యి దానంతట అది భుజం మీదికి పోయి పట్టీ లాక్కునేది. గనిలోకి దిగేవాడి చెయ్యి తలమీది దీపం సరిచూసుకున్నట్టే.

పక్క సీటులో ఎవరు కూర్చున్నా వాళ్లకూ కట్టబోయేవాడు. కిరాయికొచ్చినవాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఒప్పుకునేవాడు ఒక్క ఆగయ్యే.

"బెల్టులు రెండుండె," అంది అనసూర్య. "గిది నాకు తెల్వక కాదు. మా ఇంటాయన ఇంటికొచ్చి చెప్పి నవ్వెటోడు. తమ్మి నన్ను బర్రెను కట్టేసినట్టు కట్టేస్తడే అని. మరి గానాడు ఎందుకు కట్టెయ్యలే?"

యిర్మియా కిటికీ వైపు చూశాడు. "దవాఖానల ఎస్సై వచ్చి రాసుకున్నడు గద వదినె. కార్లకు బెల్టుండాలని మన దేశంల ఏ చట్టంల లేదన్నడు. తప్పంత లారీదేనని..."

"చట్టం అడగదు," అంది అనసూర్య. గొంతు పెంచలేదు. "చట్టానికేమన్న మొగడు పోయిండా? నేనడుగుత. నీ దిక్కుది ఉన్నది. ఆయన దిక్కుది ఏమాయె?"

సుగుణమణి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ప్రశ్న తనను తాకాలి. తాకలేదు. ఎక్కడో పై పొరలో తగిలి ఆగిపోయింది. బెల్టు ఏమైందో ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసినంత బాగా భూమ్మీద ఇంకెవరికీ తెలియదని ఆమె అనుకుంటోంది.

ఆ ఆదివారం సాయంత్రం యిర్మియా చర్చిలో ఉన్నాడు. ఆగయ్య వచ్చాడు. సదయ్య నడుముకు కట్టుకునే ల్యాంపు బెల్టు ఆ పూట షిఫ్టులో బొగ్గు నింపే టబ్బుల మధ్య పడి తెగిపోయింది. గనిలోకి దిగేవాడికి తల మీద దీపం, ఆ దీపానికి కరెంటిచ్చే బ్యాటరీ నడుము మీద. ఆ బరువును మోసేది బెల్టు. బెల్టు సరిగ్గా లేకపోతే ల్యాంపు రూములో దీపమివ్వరు, దీపం లేనిదే దిగనివ్వరు. కొత్త బెల్టు చేతికొచ్చేసరికి వారం. సదయ్య ఇంకా బదిలీ పనివాడు, ఎవరైనా రానినాడు వాళ్ల చోట దిగేవాడు. ఒక్కరోజు హాజరు తప్పితే పర్మనెంటు వరసలో ఎక్కడికో వెనక్కి పోతాడు. చెప్పులు కుట్టే పోశమేమో పెళ్లికని బెల్లంపల్లి పోయి కూర్చున్నాడు.

"ఏదన్న గట్టి పట్టీ ఉన్నదా సుగుణా, రేపటి మందం గడిస్తె సాలు," అన్నాడు ఆగయ్య.

ఆమె ఇల్లంతా వెతికింది. నులక ఉంది, నవారు ఉంది, రెండూ ఆగేవి కావు. అప్పుడామెకు వాకిట్లో ఉన్న కారు గుర్తొచ్చింది. గుర్తు రాకపోయి ఉంటే బాగుండేది.

"కారుల రెండో బెల్టు ఊకెనే ఏలాడుతంది గద బావా," అంది. "నువ్వు తప్ప దాన్ని కట్టుకునేటోడు లేడు. కోస్కపో."

"తమ్మికి చెప్పాలె గద?"

"నేను చెప్త."

ఆగయ్య నవ్వాడు. దొరగారి పట్టీ మా పోరని నడుముకా అన్నాడు. జేబులోంచి కత్తి తీశాడు. ఆ పట్టీ మామూలుగా తెగేది కాదు, వదులుగా ఉంటే కత్తి జారిపోతోంది. అందుకని సుగుణమణి రెండో కొసను రెండు చేతులా గుంజి పట్టుకుంది. తెగినప్పుడు ఆ ఊపుకు ఆమె వెనక్కి తూలింది, ఇద్దరూ నవ్వారు. యిర్మియాకు చెబుతానన్న మాట మరునాటికి మరిచిపోయింది. ఆ మూడు రోజులూ కిరాయి లేక కారు వాకిట్లోనే ఉంది, అతనూ చూసుకోలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి ఇక చెప్పేదేమీ మిగలలేదు.

"చెప్పు యిర్మియా," అంది అనసూర్య.

యిర్మియా కిటికీ మీంచి చూపు తిప్పాడు. భార్య వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడని సుగుణమణికి తెలిసింది.

"నేనే కోసిన వదినె," అన్నాడు.

అనసూర్య వెన్ను గోడను వదిలి ముందుకు వంగింది.

"ఎందుకు?"

"పాతవడ్డది. చినిగింది. అందుకని కోసి పారేసిన."

"రెండు ఒక్కనాడే పెట్టినయి గద?" అంది అనసూర్య, లెక్క తప్పిన పిల్లాడికి చెప్పినట్టు. "నీ దిక్కుది పొద్దుమాపు వాడుతవ్. అది మంచిగున్నది. ఎన్నడో ఒకనాడు మా ఇంటాయన కట్టుకునేది మాత్రం చినిగిందా?"

అబద్ధమాడటం కూడా ఒక విద్య. అది యిర్మియాకు రాదు, రాదని ఖనిలో అందరికీ తెలుసు.

"నీ యేసుప్రభువు మీద ఒట్టేసి చెప్పు."

"మేం ఒట్టు పెట్టం వదినె. పెట్టొద్దని వాక్యంల ఉన్నది."

"అబద్ధమాడొద్దని లేదా?"

అతను తల దించుకున్నాడు. సుగుణమణి అప్పుడే ఆ సంగతి గ్రహించింది. అతనికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఈ పదహారు రోజులూ ఆమె దగ్గర కూర్చొని ఆమె పోసిన గంజి తాగుతూ, నువ్వేం చేశావని ఒక్కసారీ అడగలేదు. ఆమె దాచింది. ఆమె దాచిందని తెలిసీ అతను దాచాడు. మొగుడూ పెళ్లాలు ఒకే ఇంట్లో రెండు మూటలు కట్టుకొని, ఎవరి మూట మీద వాళ్లు పడుకున్నారు.

అనసూర్య లేచింది. చీర దులుపుకుంది. నీళ్ల గ్లాసు అలాగే ఉంది.

"సరే. నువ్వు కోసినవంటున్నవ్, నేను ఇన్న. మా సదయ్యకు గిదే చెప్త. వాడు ఇయ్యాల్నే మల్ల డ్యూటీకి ఎక్కిండు. పదారు దినాలాయె వాడు అన్నం సక్కగ తినక. యిర్మియా కాక మీ నాయిన బెల్టు కోసిండు, తన బెల్టు తను కట్టుకున్నడు అని చెప్త. ఇగ మీ గడప మేం తొక్కం, మా గడప మీరు తొక్కకుండ్రి. ఆయన బతికినన్ని రోజులు తమ్మీ తమ్మీ అని పానమిచ్చె. నీ పానమే నీకు తీపాయె."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. యిర్మియా ఆ నిందను తలకెత్తుకొని కడదాకా మోసేటట్టే ఉన్నాడు. సదయ్యను అతను ఎత్తుకొని పెంచాడు. ఆ పిల్లాడు రేపటి నుంచి ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు, లేదా అంతకన్నా ఘోరం జరుగుతుంది. అదంతా తెలిసే ఒప్పుకున్నాడు.

సుగుణమణికి తన గొంతు ఎవరిదో గొంతులా వినిపించింది.

"ఆయన కొయ్యలే అక్కా."

"సుగుణా, ఊకో!" అన్నాడు యిర్మియా.

"కోసింది బావనే. బావ కత్తితోనే కోసిండు. నేను రెండో కొస గుంజి పట్టుకున్న. ఈయన ఇంట్ల గుడ లేడు."

చెప్పేశాక ఏదో దిగిపోతుందనుకుంది. ఏదీ దిగలేదు. చేతులు ఇందాకటిలాగే చల్లగా, బరువుగా వేలాడుతున్నాయి.

అనసూర్య గడప మీద ఆగిపోయింది. "ఎవ్వలు? మా ఇంటాయననా? తన బెల్టు తనే ఎందుకు కోసుకుంటడు? దేనికి?"

సుగుణమణి చూపు నేల మీదికి దిగింది.

"ఎన్నడు కోసిండు?"

"ఆదివారం. పొద్దూకినంక."

"ఆదివారం," అంది అనసూర్య. తర్వాత మళ్లీ, నెమ్మదిగా, "ఆదివారం," అంది. గోడ పట్టుకుంది. పట్టుకొని, ఇందాక లేచిన చోటే మెల్లగా కూలబడింది.

"సుగుణా. ఏ రంగుది ఆ బెల్టు?"

"బూడిద రంగు," అంది అనసూర్య తనే. "అంచుకు నల్ల గీత. గంతేనా? మా పోరనికని తెచ్చిండు. ఏడిదయ్యా అంటే బజార్ల దొరికిందన్నడు. మడతేసి కుట్టు, నాలుగు వరుసలు కుట్టు, బ్యాటరీ జారద్దు అన్నడు. దబ్బనం దిగలే దాంట్ల. ఏలు వొడుచుకున్న. నెత్తురొచ్చింది చూడు ఇంకా మాననే లేదు." ఆమె తన బొటనవేలిని వాళ్లకు చూపించింది. "నా చేతులతోనే కుట్టిన. గట్టిగున్నది, మంచిది దొరికిందని మెచ్చుకున్న."

యిర్మియా ఎడమ చేత్తో ముఖం కప్పుకున్నాడు. కప్పుకొనే మాట్లాడాడు.

"నాకు కారెక్కినంక చెప్పిండు వదినె. కట్టుకో అన్నా అంటె, దేన్ని కట్టుకోను తమ్మీ, నేను, నా మరదలు కలిసి దాన్ని సదయ్యకిచ్చినం అన్నడు. పిల్లను చూడబోతున్నం, కట్టేసి తెచ్చినవనుకుంటరు, నడువు అన్నడు. నవ్విండు. నేను గుడ నవ్విన. నవ్వుకుంటనే నా బెల్టు నేను కట్టుకున్న. చెయ్యి అలవాటు, వదినె. పక్కన అన్నకు లేదని తెల్సు. అయినా కట్టుకున్న. గది మాత్రం ఎవ్వల మీద పెట్టను?"

అతను ఏడవలేదు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని చదివేవారికి అనిపిస్తుందేమో గానీ, దెబ్బ మరీ లోతుగా దిగినప్పుడు నెత్తురు వెంటనే రాదు.

కాసేపటికి అనసూర్య గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది. మొత్తం తాగి, ఖాళీ గ్లాసును సుగుణమణి చేతికిచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ఇంటి నీళ్లు తాగినట్టే తాగింది. సుగుణమణి ఆ గ్లాసును పట్టుకొని అలాగే నిలబడింది. క్షమించిందో, క్షమించడానికి ఓపిక లేక తాగిందో ఆమెకు తెలియలేదు.

"సుగుణా, ఇట్ల కూసో," అంది అనసూర్య. ఆమె కూర్చుంది. "నువ్వు నీ బావకిచ్చినవ్. ఆయన కొడుక్కు తెచ్చిండు. నేను కుట్టిన. ముగ్గురం మంచికే చేసినం. మంచికి చేసింది గిట్లయితదని ఎవ్వలకెరుక? మనం పెద్దోళ్లం, మోస్తం. వాడు మొయ్యలేడు. నా నడుముకున్నదే నాయిన్ను సంపిందని తెలిస్తె వాడు బతకడు. నా కొడుకు నాకు తెల్వదా?"

"తెల్వనియ్యం వదినె," అన్నాడు యిర్మియా.

"ఇయ్యాల వాడు రాంగనే ఏదో ఒకటి చెప్పి ఆ బెల్టు ఇప్పిస్త. కొత్తది కొనిస్త. అది పొయ్యిల పెడ్త. మనం ముగ్గురం సచ్చెదాక నోరిప్పద్దు. అడిగితే యిర్మియా అన్న మాటనే అందాం, చినిగితే కోసిండని. వాడు నిన్ను తిడితే తిట్టిచ్చుకుంటవా?"

"తిట్టిచ్చుకుంట."

"కొడితే?"

"కొట్టిచ్చుకుంట."

అనసూర్య తలూపింది. ఆ మాటతో బేరం కుదిరింది. సుగుణమణి తనను కూడా ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. ఆమె నోరు మూసుకొని ఉండటంలో ఎంత నేర్పరో పదహారు రోజుల్లో రుజువైపోయింది కదా.

మొదటి షిఫ్టు దిగిన కూత వినిపించి చాలాసేపే అయింది. కొలిమి బొగ్గు రంగు ముఖాలతో మనుషులు సైకిళ్ల మీద ఇళ్లకు పోతున్నారు. అనసూర్య కొంగు సర్దుకొని లేచింది. పోరడు ఇంటికొచ్చి తాళం చూసి వెతుక్కుంటాడు, నేను పోవాలె అంది.

అప్పుడే గేటు చప్పుడైంది. ల్యాంపు రూములో పనిచేసే బిక్షం వచ్చాడు. చెప్పులు విడవకుండా గుమ్మం దాకా వచ్చి ఆగాడు. నెత్తి మీది తువ్వాలను చేతిలోకి తీసుకొని నలుపుతున్నాడు.

"వదినె గీడున్నదని పోశవ్వ చెప్పింది," అన్నాడు. "సదయ్య ఇటొచ్చిండా?"

"రాలే. ఎందుకు?" అంది అనసూర్య.

"ఏం లేదు వదినె. షిఫ్టు దిగంగనే ల్యాంపు అప్పజెప్పిండు. దానెంబడి బెల్టు గుడ ఇప్పి కిటికీల పెట్టి పోయిండు. బెల్టు మేం తీసుకోం, నీదే, ఇంటికి తీస్కపో అని ఎనుకకెళ్లి పిలిచిన. ఇనకుండ పోయిండు."

యిర్మియా మంచం మీంచి కాళ్లు కింద పెట్టాడు. "ఎందుకిడిసిపోయిండు బిక్షం?"

బిక్షం ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో పెద్ద తప్పే చేశానని, ఆ తప్పేమిటో ఇంకా తెలియని మనిషి ముఖం అది.

"పొద్దున దీపమిచ్చెటప్పుడు ఊకెనే నవ్వులాటకు ఒక మాటన్న అన్నా. దొర కారుకు తూట్లు పొడిచిన నాడు నేనాడ్నే కూలి పని చేస్తున్న. ఆ నేత నాకు యాదికున్నది. ఇది దొర కారు పట్టీ గదరా సదయ్యా, నీకేడ దొరికింది అన్న. గంతే. వాడు ఏం మాట్లాడలే. దీపం పెట్టుకొని దిగిపోయిండు."

ఎనిమిది గంటలు. ఆ మాటను నడుముకు కట్టుకొని సదయ్య ఎనిమిది గంటలు భూమి అడుగున బొగ్గు ఎత్తాడు.

"ఏ దిక్కు పోయిండు?" అంది అనసూర్య.

"ఇంటి దిక్కైతే పోలే. బసంత్‌నగర్ పోయే సిమెంటు లారీని ఆపి ఎక్కిండని మనోళ్లు చెప్పిన్రు. గుద్దుకున్న కారు ఇంకా ఆడ్నే పడున్నది గద. లారీ డ్రైవరు పక్కన ముంగట సీట్ల కూసున్నడట."

సుగుణమణి చేతిలోని గ్లాసు నేల మీద పడింది. పదహారు రోజులుగా రానిది, రావాలని ఆమె ఎదురు చూసింది, ఒక్కసారిగా వచ్చేసింది. భయం. తెలిస్తే వాడు బతకడన్న అనసూర్య మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. యిర్మియా విరిగిన భుజాన్ని పట్టుకొని లేచి నిలబడ్డాడు.

"లారీ ఎక్కి ఎంతసేపాయె?" అని అడిగాడు.

బిక్షం జవాబు చెప్పేలోపే అనసూర్య చెప్పులు కూడా తొడుక్కోకుండా గేటు దాటింది.